కూడిక కోసం లేచి నిలబడ్డ పెద్దమనుషులు

రాయలసీమలో మొట్టమొదటి కంప్యూటరు తయారుచేసింది నేనే. కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో, అలాంటి మిషను దేశం మొత్తానికి ఒకటో రెండో ఉన్నాయని పేపర్లో చదువుకునే కాలంలో, ప్రొద్దుటూరులో మా అక్క ఇంటి మిద్దె మీద నా కంప్యూటరు పనిచేసింది. దాన్ని వేలమంది చూశారు. వాళ్ళలో స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు ఉన్నాడు, నూనె మిల్లు యజమాని ఉన్నాడు, పేరుమోసిన ప్లీడరు ఉన్నాడు. అంతటి పెద్దమనుషులు దాని కోసం కుర్చీల్లోంచి లేచి నిలబడ్డారు.

ఇప్పుడు కొంచెం తగ్గిస్తాను. వేలమంది కాదు. హైస్కూలు హాల్లో ఎంతమంది పడతారో అంతమంది, అందులో సగం మంది ఉప్మా కోసం వచ్చినవాళ్ళు. దాన్ని కంప్యూటరు అనడం కూడా ఎక్కువే. అది కూడికలు తప్ప ఇంకేమీ చేయదు. ఆ కూడికలు కూడా మొత్తం పదిహేను దాటకూడదు. అయితే పెద్దమనుషులు లేచి నిలబడ్డ మాటలో మాత్రం నేను కలిపింది ఏమీ లేదు. వాళ్ళు ఎందుకు లేవవలసి వచ్చిందో చెబుతాను.

అప్పుడు నేను పులివెందుల హైస్కూల్లో సైన్సు అయ్యవారిని. టెంపరరీ. వేసవి సెలవులు ఇచ్చేలోపు ఇన్‌స్పెక్టరు నా గురించి నాలుగు మంచి మాటలు రాస్తే పర్మనెంటు అవుతుంది, రాయకపోతే స్కూలు మూసిన రోజే నా పని కూడా అయిపోతుంది. అయిపోతే ఎక్కడికి పోవాలో కూడా తేలిపోయి ఉంది. దువ్వూరులో మా చిన్నాయనకు వేరుశనగ మండీ ఉండేది. బీఎస్సీ చదివినవాడు కాటా దగ్గర నిలబడితే మండీకి గౌరవమని ఆయన కనిపించిన ప్రతివాడితో చెబుతుండేవాడు. నేను ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ, అది ఎప్పుడు ఊడుతుందా అని అంత ప్రేమగా ఎదురుచూసిన మనిషి ఇంకొకరు లేరు.

ఆ ఏడు ప్రొద్దుటూరులో సైన్సు ఎగ్జిబిషను పెట్టారు. ఒక్కో స్కూలు ఒక్కో వస్తువు చేసుకుని రావాలి. చూడటానికి ఇన్‌స్పెక్టరు స్వయంగా వస్తాడు. మా హెడ్మాస్టరు కృష్ణా జిల్లా మనిషి, నెమ్మదస్తుడు. నన్ను పిలిచి, "ఏమండీ, మీ ఇష్టం వచ్చింది చేయండి. మంటలు వచ్చేది మాత్రం వద్దు" అన్నాడు. కిందటి ఏడు నాకంటే ముందున్న సైన్సు అయ్యవారు అగ్నిపర్వతం చేస్తే హాలు తెర అంటుకుందట.

ఏం చేయాలో తోచక శనివారం ప్రొద్దుటూరు పోయాను. మా అక్కను అక్కడ బట్టల అంగడి వాళ్ళకు ఇచ్చారు. రెండంతస్తుల ఇల్లు. కరెంటు వచ్చి ఎన్నాళ్ళో కాలేదు. మెట్ల మీద ఒక బల్బు, దానికి రెండు స్విచ్చులు: ఒకటి కింద మెట్టు దగ్గర, ఒకటి పైన తలుపు పక్కన. ఏ స్విచ్చితోనైనా వెలిగించవచ్చు, ఏ స్విచ్చితోనైనా ఆర్పవచ్చు. ఆ సౌకర్యం వచ్చినప్పటి నుంచీ అత్తాకోడళ్ళకు రోజూ సాయంత్రం ఒక గొడవ. ఆ రోజు నేను మెట్ల మధ్యలో కూర్చుని మరమరాలు తింటుండగా మొదలైంది.

"ఎవురే లైటు ఆర్పింది? నేనిప్పుడే గదా ఏసింది!" కింద నుంచి అత్త.

"నేనూ ఏసినా అత్తా. నువ్వేస్తే ఎలిగింది, నేనేస్తే ఆరిపాయె" పైనుంచి మా అక్క.

"ఇద్దరం ఏస్తే ఇంగా బాగా ఎలగాల గదే! ఆరిపోయేదేంది, మాయదారి కరెంటు!"

చీకట్లో మరమరాల గిన్నె పట్టుకుని నేను ఆ మాట దగ్గర ఆగిపోయాను. ఒకరు వేస్తే వెలుగుతుంది. ఇద్దరూ వేయకపోతే వెలగదు. ఇద్దరూ వేస్తే కూడా వెలగదు. అనంతపురం కాలేజీలో చదివేటప్పుడు లైబ్రరీలో ఒక పత్రికలో లెక్కలు చేసే మిషన్ల గురించి చదివాను. మనకు పది వేళ్ళున్నాయి కనుక పది అంకెలు పెట్టుకున్నాం. దీపానికి తెలిసినవి రెండే, వెలగడం, ఆరడం. అందుకని ఆ మిషన్లకు ఒకటి, సున్నా, ఈ రెండంకెలే ఉంటాయట. ఒకటికి ఒకటి కలిపితే రెండు కదా, రెండు అనే అంకె వాటికి లేదు. కనుక ఆ స్థానంలో సున్నా వేసి, ఒకటిని పక్క స్థానానికి పంపాలి. అప్పుడు ఏదో బట్టీ కొట్టాను కానీ నాకు ఎక్కలేదు. ఇప్పుడు అత్తా కోడలూ కలిసి ఒక్క నిమిషంలో ఎక్కించారు. సున్నా వేయడం మా అక్క ఇంటి మెట్లకు వచ్చు. మిగిలింది పక్కకు పంపడం.

ఈ కనిపెట్టడం అంతా నా తెలివి అని చాలా సభల్లో చెప్పాను. మెట్ల మీద ఆ సాయంత్రం నేను చేసింది మరమరాలు తినడమే.

ఆ ఇంటికి కరెంటు పని చేసినాయన ఆ వీధి చివరే ఉండేవాడు. సాయిబు, నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. తుంగభద్ర డ్యామ్ దగ్గర పనిచేసి వచ్చానని, డ్యామ్‌కు కరెంటు తానే ఇచ్చానన్నట్టు మాట్లాడేవాడు. నాకు సరిజోడు అన్నమాట. ఊరంతా ఆయన్ని వైర్‌మన్ అని పిలిచేది. నేను మామా అనేవాణ్ణి. మర్నాడు పొద్దున నేను కింద స్విచ్చి నొక్కి పైకి పరుగెత్తి అక్కడిది నొక్కి, మళ్ళీ కిందికి దిగుతుంటే ఆయన వాకిట్లో నిలబడి చూస్తున్నాడు.

"ఏంది అయివారా, పిలకాయల మాదిరి స్విచ్చులు ఆడిస్తాండావు? అవి అరిగిపోతే మల్ల నన్నే పిలుస్తారు."

విషయం చెప్పాను. ఒకటీ ఒకటీ కలిపితే రెండో బల్బు వెలగాలన్నాను.

"రెండు బల్బులా?"

"కాదు మామా. మొదటిది ఆరిపోవాల, రెండోది వెలగాల."

"ఒకటీ ఒకటీ రెండు గదప్పా. రెండైతే రెండు బల్బులు ఎలగాల. ఒకటే ఎలిగితే ఒకటి అంటారు జనం. నీ ఉద్యోగం పాయె."

ఎట్లా చెప్పాలో తెలియక, ఎదురుగా ఉన్న బియ్యం అంగడి చూపించాను. అక్కడ కొలతలు వరసగా పెట్టి ఉంటాయి. అరపావు, పావు, అరశేరు, శేరు. ప్రతిదీ ముందుదానికి రెట్టింపు.

"మామా, ఒకామె అరపావు బియ్యం అడిగింది. ఇంకో అరపావు పొయ్యమనింది. అంగడాయన ఏం జేస్తాడు?"

"అరపావు పక్కన పెట్టి పావు తీసుకుంటాడు. రెండుసార్లు వంగేది యాల?"

"అదే మిషను చెయ్యాల. రెండు అరపావులైతే అరపావు బల్బు ఆరిపోవాల, పావు బల్బు వెలగాల. రెండు పావులైతే పావు ఆరి అరశేరు వెలగాల."

ఆయన గడ్డం గోక్కున్నాడు. "అట్ల చెప్పు మరి. ఒకటీ సున్నా అని భయపెడ్తావేంది" అని చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు.

పని మిద్దె మీద పెట్టుకున్నాం. మెట్ల మీద ఉన్నట్టే రెండు స్విచ్చులు కలిపి, టార్చిలైటు బల్బు ఒకటి, సెల్లులు రెండు పెట్టాం. అది వెలగడం ఆరడం బాగానే చేస్తోంది. పక్కకు పంపడం దగ్గర చిక్కు వచ్చింది. చిన్న తరగతుల్లో మనం ఎట్లా నేర్పుతాం? ఏడూ ఐదూ పన్నెండు, రెండు వేసి ఒకటి చేతిలో పెట్టుకో అంటాం. పిల్లవాడు వేలు మడిచి పెట్టుకుంటాడు. మిషనుకు చెయ్యి ఎక్కడిది? దాని దగ్గర పెట్టుకోవడం అనేది లేదు. వచ్చిన ఒకటిని ఆ క్షణమే పక్కవాడికి ఇచ్చేయాలి. పక్కవాడికి అప్పటికే రెండు స్విచ్చులున్నాయి, ఒకటి మొదటి సంఖ్యది, ఒకటి రెండో సంఖ్యది. వాటికి తోడు, మనం ముట్టుకోకుండానే తనంతట తాను పడే మూడో స్విచ్చి ఒకటి కావాలి.

దానికి దారి జమ్మలమడుగులో దొరికింది. అక్కడ ఒక పాత బంగళా సామాను వేలం వేస్తున్నారని విని ఇద్దరం బస్సెక్కాం. మంచాలు, బీరువాలు ఎవరెవరో కొనుక్కుపోయారు. నౌకర్లను పిలిచే కరెంటు గంటలు మాత్రం ఎవరికీ అక్కరలేక ఒక మూల పడి ఉన్నాయి. బటను నొక్కితే లోపల తీగచుట్ట అయస్కాంతం అయిపోయి చిన్న సుత్తిని లాగుతుంది, సుత్తి పోయి గంటను కొడుతుంది. గంట పీకేస్తే సుత్తి స్విచ్చిని కొడుతుంది. నాకు కావలసిన చెయ్యి అదే.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో వైర్‌మన్ ఆ గంటలను ఒళ్ళో పెట్టుకుని, "దొరలు పిలిస్తే నౌకరు వచ్చేవాడు. మనం పిలిస్తే ఒకటి వస్తాది" అన్నాడు.

ఒక్కో స్థానంలో ముగ్గురు చెప్పాలి: మన స్విచ్చులు రెండు, పక్కింటి సుత్తి ఒకటి. ముగ్గురిలో ఒకరే ఒకటి అంటే ఇక్కడి బల్బు వెలుగుతుంది. ఇద్దరు అంటే ఇది ఆరి, ఒకటి పక్కకు పోతుంది. ముగ్గురూ అంటే ఇదీ వెలుగుతుంది, పక్కకూ పోతుంది. మిషను కూడిక అంటే ఇంతే. ఇప్పుడు మనవళ్ళ చేతుల్లో ఉన్న ఫోన్ల లోపల కూడా ఇదే నడుస్తోంది. సుత్తులు కనపడనంత చిన్నవైపోయాయి, అంతే.

నాలుగు స్థానాలకూ వైర్లు కలపడం ముగిసిన రోజు ఏడుకు ఒకటి కలిపి చూశాం. టక్. కాస్త ఆగి, టక్. ఇంకాస్త ఆగి, టక్. మొదటి మూడు బల్బులూ వరసగా ఆరిపోయి చివరి శేరు బల్బు వెలిగింది. అప్పడాలు ఎండబెట్టడానికి చోటు లేదని పొద్దున్నుంచి సణుగుతున్న మా అక్క కూడా వచ్చి చూసింది. ఆ టక్ టక్ మధ్య ఎడం నాకు నచ్చలేదు. మొదటివాడు చెబితే గాని రెండోవాడికి తెలియదు, రెండోవాడు చెబితే గాని మూడోవాడికి తెలియదు, చివరివాడు అంతసేపూ కాచుకుని ఉండాలి. గంటలు పాతవి కదా, అందుకని ఆలస్యం అనుకున్నాను. పెద్ద పెద్ద మిషన్లు చేసేవాళ్ళు కూడా ఆ ఎడం తగ్గించడానికే తలలు పట్టుకున్నారని, చివరివాడికి ముందే కబురు పంపే దారులు వెతికారని చాలా ఏళ్ళ తర్వాత చదివాను. చదివిన రోజు, వాళ్ళకంటే ముందే నేను ఆ సమస్యను కనుక్కున్నానని మా ఆవిడతో అన్నాను. ఆమె కూర తరుగుతోంది, తల ఎత్తలేదు.

ఎగ్జిబిషను నాటికి మార్చి ఎండలు ముదిరాయి. ప్రొద్దుటూరు హైస్కూలు హాల్లో వేదిక మీద నాలుగు కుర్చీలు వేశారు. ఊరిలో దొరికిన టేబులు ఫ్యాను ఒక్కటే. దాన్ని వేదికకు ఒక కొసన, జనం వైపు నుంచి చూస్తే కుడి చివర పెట్టారు. కుర్చీల వరస దాన్ని బట్టే ఏర్పడింది. గాలి బాగా తగిలే మొదటి కుర్చీ ఇన్‌స్పెక్టరుకు. రెండోది మిల్లు యజమానికి. మూడోది ప్లీడరుకు. గాలి బొత్తిగా చేరని నాలుగోది మా హెడ్మాస్టరుకు. ఇందులో ఎవరికీ తప్పు కనపడలేదు, నాకు కూడా.

నా మిషను వేదిక ముందు బల్ల మీద ఉంది. ఇన్‌స్పెక్టరు జమ్మలమడుగు నుంచి రావాలి, ఇంకా రాలేదు. మిల్లు యజమాని మాత్రం ముందే వచ్చి బల్ల చుట్టూ ఒకసారి తిరిగాడు.

"అయివారా, పూజ ఏది?"

"ఏం పూజ సామీ?"

"ఏం పూజ ఏంది? కొత్త మిషను పెట్టినావు, బొట్టు లేదు, టెంకాయ లేదు. మా మిల్లులో బోల్టు మార్చినా టెంకాయ కొడతాం."

నేను నోరు తెరిచేలోపు ఆయన మనిషి పళ్ళెంతో వచ్చేశాడు. యజమాని భక్తి గల చేత్తో ప్రతి స్విచ్చికీ గంధం పూసి కుంకుమ పెట్టాడు. సుత్తులు కనిపిస్తే వాటికీ పూశాడు, ఉదారంగా పూశాడు. తర్వాత బల్ల అంచుకేసి టెంకాయ కొట్టాడు. నీళ్ళు చెక్క మీదుగా కాలువ కట్టి గంటల్లోకి పోయాయి.

"అయ్యో సామీ! అది కరెంటు వస్తువు!" అని వైర్‌మన్ భుజం మీది తువ్వాలతో పరుగెత్తాడు.

"మా మిల్లులో ఇన్నేండ్లుగా కొడతాండాం. ఒక్క మిషనూ చెడిపోల్యా."

"మీవి ఇనప మిషన్లు సామీ! ఇది గడియారం మాదిరిది!"

ఆ మాట ముగియకముందే బయట జీపు ఆగింది.

ఇన్‌స్పెక్టరు సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు. కుర్చీలో కూడా కూర్చోకుండా నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చి, ఏమిటిది అని అడిగి, తానే వేలితో ఒక స్విచ్చి నొక్కాడు. నాలుగు బల్బులూ భగ్గున వెలిగాయి. గంధం అంటుకున్న సుత్తులు ముందుకు పడి అక్కడే పట్టుకుపోయాయి. ఎవరూ ఇవ్వని ఒకట్లన్నీ వచ్చేసినట్టు మిషను నమ్మింది.

"ఎంత ఇది?" అన్నాడు.

అబద్ధం చెప్పవచ్చు. నా నాలుకకు అది కష్టమైన పనేమీ కాదు. కానీ బల్బుల కింద నేనే సున్నంతో పెద్ద అక్షరాల్లో రాసిపెట్టాను. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది.

"పదిహేను సార్."

"ఒకటి నొక్కితే పదిహేనా? ఏ ఊరి లెక్కయ్యా ఇది?"

హాలు నవ్వింది. ఆయన పోయి ఫ్యాను ముందు కూర్చున్నాడు. పక్క స్కూలు వాళ్ళ పెరిస్కోపు తెమ్మని సైగ చేశాడు. నాకు దువ్వూరు మండీ, కాటా, గోనెసంచుల దుమ్ము కళ్ళకు కట్టాయి. హెడ్మాస్టరు నా వైపు జాలిగా చూస్తున్నాడు. ఆ వరస చూశాను. నాలుగు కుర్చీలు, నలుగురు మనుషులు. కూర్చోవడం ఒక స్థితి, నిలబడడం ఇంకో స్థితి.

"సార్, ఒక్క నిమిషం" అన్నాను. "మిషను తడిసింది. కానీ లెక్క తడవలేదు. మీరు నలుగురూ అనుమతిస్తే మీతోనే చేసి చూపిస్తాను."

నియమం చెప్పాను. భుజం తడితే, కూర్చున్నవారు లేచి నిలబడాలి. నిలబడ్డవారైతే కూర్చుని, తమ తర్వాతి కుర్చీ వారి భుజం తట్టాలి. అంతకుమించి ఎవరూ ఏమీ ఆలోచించనక్కరలేదు. మొదటి కుర్చీ ఒకటి, రెండోది రెండు, మూడోది నాలుగు, నాలుగోది ఎనిమిది. ఎవరు నిలబడి ఉన్నారో చూసి కూడుకుంటే ఎన్నిసార్లు తట్టామో తెలుస్తుంది.

ఇన్‌స్పెక్టరు భుజం తట్టడానికి నాకు చెయ్యి రాలేదు. వైర్‌మన్ స్క్రూడ్రైవరు తిప్పి పట్టుకుని, చెక్క పిడితో మెత్తగా తట్టాడు.

ఆయన లేచాడు. ఒకటి.

మళ్ళీ తట్టాడు. ఆయన కూర్చుని మిల్లు యజమానిని తట్టాడు. మిల్లు యజమాని కుర్చీ చేతులు పట్టుకుని, కష్టం మీద లేచాడు. రెండు.

"శబాష్!" అని ఎవరో అరిచారు. మళ్ళీ తట్టితే ఇన్‌స్పెక్టరు లేచాడు. ఇద్దరూ నిలబడ్డారు, మూడు. ఇంకోసారి తట్టితే ఇన్‌స్పెక్టరు కూర్చుని పక్కాయన్ను తట్టాడు, పక్కాయన కూర్చుని ప్లీడరును తట్టాడు, ప్లీడరు లేచి కోటు సర్దుకున్నాడు. నాలుగు. మా మిద్దె మీద విన్న టక్ టక్ టక్కే అది. ఒకటికి ఒకటి కలిపితే సున్నా ఎట్లా అవుతుందో, ఆ ఒకటి ఎక్కడికి పోతుందో, ఉప్మా కోసం వచ్చినవాళ్ళకు కూడా అర్థమైంది. "ఇప్పుడు పక్కాయనను తడ్తాడు సూడు" అని ముందే చెప్పేస్తున్నారు.

ఎనిమిదికి మా హెడ్మాస్టరు లేచాడు. అప్పుడు గాని నా తప్పు నాకు కనపడలేదు. ఒకట్ల స్థానం ప్రతిసారీ మారుతుంది. ఎనిమిదుల స్థానం ఎప్పుడో ఒకసారి మారుతుంది. గాలి కోసం వేసిన కుర్చీల వరసలో నేను పెద్దాయన్ను ఒకట్ల స్థానంలో కూర్చోబెట్టాను. జిల్లాకు పెద్దమనిషి స్ప్రింగులాగా లేస్తూ కూర్చుంటూ ఉన్నాడు. అందరికంటే చిన్నవాడు హెడ్మాస్టరు ఒక్కసారి లేచి, చేతులు కట్టుకుని హాయిగా నిలబడ్డాడు.

"ఏమయ్యా, అన్నిసార్లూ నేనేనా?" ఇన్‌స్పెక్టరు చొక్కా వీపుకు అంటుకుపోయింది.

"సార్, నన్ను మాత్రం మెల్లగా తట్టండి. మోకాళ్ళు" అన్నాడు మిల్లు యజమాని.

అక్కడ ఆపేసి ఉండాల్సింది. వైర్‌మన్‌కు ఉత్సాహం వచ్చింది, తడుతూనే ఉన్నాడు. పదిహేనుకు నలుగురూ నిలబడ్డారు. వేదిక మీద పెద్దలంతా ఒకేసారి నిలబడితే మా వైపు జనానికి తెలిసింది ఒకటే, సభ ముగిసిందని. హాలంతా బిలబిలా లేచింది. వెనక బెంచీ దగ్గర ఒక అయ్యవారు జాతీయగీతం ఎత్తుకున్నాడు. ఎత్తుకున్నాక ఎవరు ఆపుతారు? నలుగురూ కదలకుండా, ఫ్యాను గాలి అందినంతవరకు చొక్కాలు ఎగురుతూ, చివరిదాకా నిలబడ్డారు.

పాట కాగానే వైర్‌మన్ ఇంకోసారి తట్టాడు.

ఇన్‌స్పెక్టరు కూర్చుని తట్టాడు. మిల్లు యజమాని కూర్చుని తట్టాడు. ప్లీడరు కూర్చుని తట్టాడు. హెడ్మాస్టరు కూర్చుని, తట్టడానికి పక్కన ఎవరూ లేక గాలిని తట్టాడు.

"ఇప్పుడు ఎంత?" ఇన్‌స్పెక్టరు రొప్పుతున్నాడు.

"సున్నా సార్."

"ఇన్నిసార్లు లేచి కూర్చుంటే సున్నానా?"

"పదహారు కావాలి సార్. ఐదో కుర్చీ లేదు. స్థానాలు అయిపోతే మిషనులో పెద్ద సంఖ్య కూడా పడిపోతుంది."

"కుర్చీ తెమ్మంటారా సార్?" అన్నాడు వైర్‌మన్.

"వద్దు" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

లేచి, ఎవరూ తట్టకుండానే, ఉప్మా పెట్టిన గదిలోకి పోయాడు. వెంట పోవడానికి నాకు ధైర్యం చాలలేదు. తువ్వాలతో బల్ల తుడుస్తూ ఉండిపోయాను.

వేసవి సెలవుల్లో ఆర్డరు వచ్చింది. పర్మనెంటు. అయితే పులివెందులకు కాదు, లింగాల అవతల ఒక పల్లెకు. ఇన్‌స్పెక్టరు నన్ను పక్కకు తీసుకుపోయి భుజం మీద చెయ్యి వేసి, "నీలాంటి మేధావి పట్నంలో ఉండకూడదు, వెనకబడ్డ పల్లెలకు వెలుగు చూపించాలి" అన్నాడని నా రిటైర్మెంటు సభలో చెప్పాను. మనవళ్ళకు చెప్పాను. ఆయన అలా ఏమీ అనలేదు. ఆ రోజు తర్వాత నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. అయినా మనసులో అలా అనుకునే పంపి ఉంటాడని నా నమ్మకం. దువ్వూరులో చిన్నాయన కాటా దగ్గరికి వేరేవాణ్ణి వెతుక్కున్నాడు. ఆ పల్లెలో పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి, లేపి, కూర్చోబెట్టి కూడికలు చెప్పాను. అక్కడ ఫ్యాను లేదు కనుక ఒకట్ల స్థానంలో ఎవరిని పెట్టినా ఇబ్బంది రాలేదు.

ఇంతవరకూ రాసి, అచ్చుకు ఇచ్చేముందు ఒకసారి వైర్‌మన్‌కు చదివి వినిపించాలని ప్రొద్దుటూరు పోయాను. కొడుకులు కువైట్‌లో ఉన్నారు, ఆయన అంగడి ముందు కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. కళ్ళు మూసుకుని అంతా విన్నాడు. గంధం దగ్గర నవ్వాడు, జాతీయగీతం దగ్గర దగ్గు వచ్చేదాకా నవ్వాడు. చివరి ముక్క దగ్గర కళ్ళు తెరిచాడు.

"అంతా బాగనే రాసినావు అయివారా. ఆ పల్లె ముచ్చట మాత్రం తప్పు."

"ఏం తప్పు మామా?"

"వెలుగూ ల్యా, మేధావీ ల్యా. ఉప్మా కాడ ఆయన నన్ను పిల్సినాడు. 'లెక్క తప్పు చెప్పలేదు, ఉద్యోగం తీసేసేదానికి మనసు రాలేదు. గానీ మల్ల నేను వీని కంట్లో పడకూడదు. ఈ పక్క కరెంటూ కుర్చీలూ రెండూ ల్యాని స్కూలు యాడుందప్పా?' అన్యాడు. ఆ ఊరి పేరు చెప్పింది నేనే. రాస్తే అది రాయి."